ఆ ఏడాది పూర్తిగా ఆడిన ఒక్క మ్యాచ్

కాలేజీ బాస్కెట్‌బాల్ టీంలో నేను ఉన్నది ఒక్క ఏడాది. ఆ ఏడాదంతటిలో మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా మేం ఆడిన మ్యాచ్ ఒకే ఒక్కటి. మిగిలినవన్నీ మధ్యలో ఆగిపోయినవో, అసలు మొదలే కానివో. వాన పడి కొన్ని, కరెంటు పోయి కొన్ని, బంతిలో గాలి పోయి ఒకటి, రిఫరీ బస్సు దొరక్క ఒకటి. ఆ తర్వాత కారణాలు పెద్దవయ్యాయి. నోట్లు చెల్లకపోవడం, కాలేజీ మూసెయ్యడం, కర్ఫ్యూ, ప్రభుత్వాలు మారడం. ఇప్పుడు మా వీధి పిల్లలు ఫోన్లో అమెరికా మ్యాచ్‌లు చూస్తూ, ఆట కాస్త సాగితే చాలు, అబ్బా ఇంకా అవలేదా అని విసుక్కుంటుంటారు. వాళ్ళ చేతుల్లోంచి ఆ ఫోను లాగేసుకోవాలనిపిస్తుంది నాకు.

మాది రంగూన్‌లో తాకేటా. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో బస్తాలు మోశాడు. మా నాన్న అదే రేవులో క్రేన్ నడిపేవాడు. ఇంట్లో నాన్న, అమ్మ, నాన్నను కన్న మామ్మ, నేను. మా ఇంటి ఆడవాళ్ళలో ఎవరికీ లేని పొడుగు నాకొచ్చింది. పదో తరగతికి వచ్చేసరికి గుమ్మంలో తల వంచాల్సి వచ్చింది. అదేదో నేను మామ్మ మీద కోపంతో చేసిన పని అన్నట్టు ఆవిడ రోజూ తిట్టేది.

"ఏటే, ఇంకా ఎదుగుతన్నావా? సాలదా? నీకు మొగుణ్ణి తేవాలంటే ఏ తాడిసెట్టునో అడగాల."

కాలేజీలో నేను కెమిస్ట్రీ. డాక్టరు చదువూ ఇంజినీరు చదువూ విదేశీయుల కార్డులున్న మాలాంటివాళ్ళకి లేవు గనక కెమిస్ట్రీ. ఒక వానాకాలం మధ్యాహ్నం గాలికి కారిడార్ కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే పై గడియ వేశాను. స్టూలు లేకుండా వేశాను. అటుగా పోతున్న ఒక సయామ ఆగిపోయింది. సయామ అంటే టీచరమ్మ. ఆవిడ ఆటల సయామ. నలభై ఏళ్ళ మనిషి, మెడలో విజిల్, లుంగీ కింద కాన్వాసు బూట్లు.

"రేపు పొద్దున కోర్టుకి రా" అంది బర్మా భాషలో.

"నాకు ఆట రాదు సయామా."

"ఆట నేర్పొచ్చు. పొడుగు నేర్పలేను. రా."

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, నా పొడుగుని చూసి ఒక మనిషి సంతోషించడం అదే మొదటిసారి.

కోర్టు అంటే కాలేజీ వెనక సిమెంటు గచ్చు. వాన వెలిశాక ఒక మూల మడుగు నిలిచేది. చీపుర్లతో తోసేవాళ్ళం. బంతి వేసే హూపుల్లో ఒకటి ఎడమ వైపు వంగింది. టీం మొత్తానికి తోలు బంతి ఒక్కటే. విదేశీ సరుకు రాదు, వచ్చినా మాకు దొరకదు. కుట్లు ఊడితే చెప్పులు కుట్టేవాడి దగ్గరికి, గాలి పోతే సైకిలు షాపుకి. ఆ బంతి గుండ్రంగా లేదు. నేల మీద కొడితే ఎటు లేస్తుందో దానికే తెలియదు. ఆ ఏడాది చివర్లో మంచి బంతి పట్టుకున్నప్పుడు నాకు ఆట ఇంత సులువా అనిపించింది.

మా కెప్టెన్ నా భుజం దాకా వచ్చేది. నదికి అవతల దలాలో పడవ నడిపేవాడి కూతురు. రోజూ ఫెర్రీ దిగి, బస్సెక్కి, రొప్పుతూ వచ్చేది. చలికాలం పొగమంచు పడితే ఫెర్రీ కదలదు. కెప్టెన్ లేనిదే సయామ ప్రాక్టీసు మొదలుపెట్టదు. మిగిలినవాళ్ళం వణుకుతూ గచ్చు మీద కూర్చునేవాళ్ళం. వచ్చిన మరుక్షణం నుంచీ ఆ పిల్ల మా మీద అరిచేది. ఆలస్యంగా వచ్చింది తను, అరుపులు మాకు.

"పొడుగుదానా! చేతులు పైకి! ఆకాశం నీకు దగ్గర కదా, నిద్రపోతున్నావా?"

నాకు ఒళ్ళు మండేది. కానీ ఆ పిల్ల పాస్ ఇచ్చిందంటే బంతి ఉన్నచోటికి నేను వెళ్ళక్కర్లేదు. నేనున్న చోటికి అదే వచ్చేది. వంకర బంతి కూడా ఆ చేతుల్లో మాట వినేది.

మొదటి దెబ్బ నోట్లతో తగిలింది. మాండలేలో పోటీకని మేమంతా చందాలు పోగుచేసి డబ్బు సయామకిచ్చాం. ఒక రోజు ఉన్నట్టుండి పెద్ద నోట్లు చెల్లవని రేడియో చెప్పింది. మార్చుకోవడం లేదు, ఏమీ లేదు. పరీక్షలు రాస్తున్న పిల్లలు మండిపడి రోడ్డెక్కారు. కాలేజీలు మూసేశారు, ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళని బస్సులెక్కించి ఇళ్ళకు పంపేశారు. మాండలే ప్రయాణం అక్కడితో సరి. సయామ ఆ నోట్ల కట్టని ఏం చేసిందని అడిగితే, "వంకర హూపు కింద చెక్క సర్దినట్టు బీరువా కాలి కింద పెట్టాను" అంది. నవ్వలేదు. నిజంగానే పెట్టి ఉంటుంది.

కొన్ని వారాలకు కాలేజీ తెరిచారు. చలికాలమంతా ఆడాం, అంటే మొదలుపెట్టాం. ఆ రోజుల్లోనే డిపార్ట్‌మెంట్ టీం వాళ్ళ కన్ను నా మీద పడింది.

మా దేశంలో డబ్బు తీసుకుని ఆడే ఆటగాళ్ళు అని ఎవరూ లేరు. అలాంటి మాట కూడా అనకూడదు. కానీ ప్రభుత్వ డిపార్ట్‌మెంట్లకు టీంలుండేవి. ఆడపిల్లల్ని టైపిస్టులని రాసుకుని జీతం, బియ్యం, వంటనూనె ఇచ్చి పొద్దస్తమానం ఆడించేవాళ్ళు. ఆ టైపిస్టుల్లో ఒక్కరు కూడా టైపు మిషను తాకగా ఎవరూ చూడలేదు. వాళ్ళకి హాలుంది, చెక్క నేల ఉంది, జపాన్ రబ్బరు బంతులున్నాయి, బంతికో సంచీ కూడా ఉంది.

వాళ్ళ టీం చూసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఒక మ్యాచ్ వాన వల్ల ఆగాక నా దగ్గరికి వచ్చాడు.

"కాలేజీ అయ్యాక మా దగ్గరికి వచ్చెయ్యమ్మా. ఉద్యోగం ఇస్తాం. బూట్లిస్తాం. నీ కాలి సైజు దొరకదనుకుంటున్నావేమో, తెప్పిస్తాం."

నా కాలి సైజు సంగతి ఎత్తిన మొదటి మగవాడాయన. నాకు ఆశ పుట్టింది.

"అయితే నీ కార్డు ఏ రంగు?" అని అడిగాడు.

చెప్పాను. నాన్న ఇక్కడే పుట్టాడు. నేనూ ఇక్కడే పుట్టాను. అయినా మాది విదేశీయుల కార్డు. ఏటేటా వెళ్ళి ముద్ర వేయించుకోవాలి. ఆయన మొహం వానలో తడిసిన కాగితంలా అయిపోయింది.

"అయ్యో" అన్నాడు. జేబులో పెన్నులు సర్దుకున్నాడు. "పోనీ, బర్మా పేరు పెట్టుకుని ఆడితే? జీతం సంగతి తర్వాత చూద్దాం."

"బర్మా పేరు నాకు స్కూల్లో చేర్పించిన రోజు నుంచీ ఉందండీ" అన్నాను. "మీరు నన్ను ఇందాక పిలిచింది ఆ పేరుతోనే."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి చెబితే మామ్మ వక్క నమలడం ఆపింది.

"పేరు మార్సుకుని ఆడాలా? మరి రేపు గెలిసినోల్లు ఎవులంటే ఎవులి పేరు సెప్తారే? ఆల్ల పేరా, మన పేరా?"

మా నాన్న మాత్రం "ఒద్దంతే. గొడవ" అన్నాడు. నాన్నకి ప్రపంచంలో ఏ విషయమైనా రెండే రకాలు. ఒద్దు, గొడవ. అప్పుడప్పుడు రెండూ కలిపి అనేవాడు.

ఎండలు ముదిరేవేళ ఆ డిపార్ట్‌మెంట్ టీంతోనే మాకు మ్యాచ్ పడింది. మా గచ్చు మీదే, మా బంతితోనే. వాళ్ళ సెంటర్, అంటే హూపు కింద నాకెదురుగా ఆడే మనిషి, నా అంత పొడుగు, నాకు రెండింతలు వెడల్పు. ఆవిడ మోచేతులు ఎముకతో కాదు, ఇనుముతో చేసినవి. రిఫరీ అటు తిరిగాడంటే నా డొక్కలో ఒకటి పడేది. పైగా "ఏయ్ కలామ, జరుగు" అనేది. కలామ అంటే ఇండియా మూలం ఉన్న ఆడదాన్ని చులకనగా పిలిచే మాట. చిన్నప్పటి నుంచీ వింటున్నదే, అలవాటైందే. కానీ డొక్కలో పోటుతో కలిపి వింటే కొత్తగా మండింది.

హాఫ్ టైమ్‌కి మేమే ముందున్నాం. రెండో సగం మొదలై నాలుగు పాసులు తిరిగాయో లేదో, గేటు వైపు నుంచి కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఊరి అంచున ఒక కాలేజీ దగ్గర టీ దుకాణంలో మొదలైన తగాదా ముదిరి, పోలీసులు కాల్పులు జరిపారని, పిల్లలు చచ్చిపోయారని అరుస్తున్నారు. కోర్టు చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారి లేచారు. రిఫరీ విజిల్ వేశాడు. ఎందుకు వేశాడో ఆయనకే తెలియదు. ఫౌలా? టైమ్ అవుటా? వేసి, విజిల్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సయామ మమ్మల్నీ అవతలి టీంనీ కలిపి ఆటసామాను గదిలోకి తోసి, తలుపుకి అడ్డంగా నిలబడింది. బయట లారీల చప్పుడు. మా కెప్టెన్ తలుపు దగ్గరికి వెళ్ళింది.

"సయామా, జరగండి. మా వాళ్ళు వెళ్తున్నారు. నేనూ వెళ్ళాలి."

"మ్యాచ్ అవలేదు. చివరి విజిల్ పడేదాకా ఎవరూ కోర్టు వదలకూడదు."

"కోర్టా? ఇది సామాన్ల గది!"

"నేను ఎక్కడ నిలబడితే అదే కోర్టు."

కెప్టెన్ ఏడ్చింది. కోపంతో బంతిని గోడకేసి కొట్టింది. బంతి ఎప్పట్లాగే ఎటో లేచి వాళ్ళ సెంటర్ మొహానికి తగిలింది. ఆవిడ ముక్కు పట్టుకుని కూర్చుంది. సాయంత్రం దాకా ఆ చీకటి గదిలో రెండు టీంలు మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాం. తర్వాత సయామ ఒక్కొక్కరినీ బస్సు దాకా నడిపించింది. మళ్ళీ కాలేజీలు మూశారు.

వానలు మొదలయ్యే రోజుల్లో తెరిచారు. ఏమీ జరగలేదన్నట్టు తెరిచారు. క్లాసులో ఖాళీ బెంచీలున్నాయి. వాటి గురించి ఎవరూ అడగకూడదు. మేం చీపుర్లతో మడుగు తోశాం, ఆ ఆగిన మ్యాచ్ మళ్ళీ పెట్టమని సయామ డిపార్ట్‌మెంట్‌కి కబురు పంపింది. వాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకున్న వారంలోనే మళ్ళీ ఊరేగింపులు, మళ్ళీ కాల్పులు, మళ్ళీ మూత. సయామ జీవితంలో మొదటిసారి విజిల్ నేలకేసి కొట్టింది. మళ్ళీ తనే వంగి తీసుకుని, లుంగీ అంచుకి తుడిచి మెళ్ళో వేసుకుంది.

ఆగస్టులో ప్రభుత్వం దిగిపోవాలని ఊరంతా రోడ్డు మీదకొచ్చింది. తాకేటాలో మా వీధి చివర వెదురు కంచె కట్టారు. ఒక్కో ఇంటి నుంచి ఒకరు కాపలా ఉండాలన్నారు. నాన్న "ఒద్దు, గొడవ" అంటూనే వెళ్ళి కూర్చున్నాడు. రేవు కూలీలంతా పని ఆపేశారు మరి. నేను పజుండౌంగ్ వంతెన మీదుగా నడిచి కాలేజీకి వెళ్ళాను. గేటు ముందు మా కుర్రాళ్ళు అడ్డు కడుతున్నారు. బల్లలు, పీపాలు, చెట్టు కొమ్మలు. వాటి మీద అడ్డంగా మా హూపు స్తంభం! వంకరది కాదు, బాగున్నదే పీకారు.

"ఊళ్ళో ఇంకే ఇనుమూ దొరకలేదా మీకు?" అని అరిచాను.

అడ్డు మీద కూర్చున్న మా కెప్టెన్ కిందికి దూకింది. తలకు ఎర్రగుడ్డ కట్టుకుంది. గొంతు పోయింది, అయినా అరుస్తోంది.

"ఈ ఏడాదంతా అది ఒక్క మ్యాచ్ పూర్తి చేయించిందా? ఇప్పుడైనా దేనికో ఒకదానికి పనికొస్తోంది. రా, ఆ చివర పట్టు."

పట్టాను. ఏం చేస్తాను? బరువు నా భుజం మీద, ఆజ్ఞలు ఆ పిల్ల నోట్లో. మా మధ్య మారనిది అదొక్కటే.

అలా ఊరేగింపుల్లో తిరుగుతున్న ఒక రోజు వెనక నుంచి కేక వినిపించింది. "కలామ! ఏయ్ కలామ, ఇలా రా!" తిరిగి చూస్తే డిపార్ట్‌మెంట్ వాళ్ళ బ్యానరు. దాని కింద ఆ సెంటర్. ఆఫీసు మొత్తం సమ్మెలోకి వచ్చిందట. ప్రజలంతా ఒక్కటని రోడ్డు పొడుగునా అరుస్తున్నారు, ఈవిడ నన్ను పిలిచే పిలుపు మాత్రం అదే. వానలో నిలబడి అడిగాను.

"నాకు పేరుంది. ఇంత పోరాటం జరుగుతోంది, కనీసం పేరు పెట్టి పిలవలేవా?"

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీ పేరు నాకెవరూ చెప్పలేదే. మా టీంలో అందరం అలాగే అనేవాళ్ళం."

చెప్పాను. బర్మా పేరు కాదు, ఇంట్లో పిలిచే తెలుగు పేరు చెప్పాను. ఆవిడ మూడుసార్లు పలికి మూడుసార్లూ తప్పు పలికింది. నాకు విసుగొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆవిడ తన గొడుగు కిందికి లాక్కుంది. మా పొడుగుకి ఆ గొడుగు ఏ ఒక్కరికీ చాలలేదు. అలా తడుస్తూనే టౌన్ హాలు దాకా నడిచాం.

సెప్టెంబరులో సైన్యం ప్రభుత్వాన్ని చేతిలోకి తీసుకుంది. రేడియోలో మార్చింగ్ బ్యాండు. ఆ తర్వాతి రోజుల గురించి నేను ఎక్కువ చెప్పను. మా వీధి కంచె మేమే విప్పాలని తుపాకులు పట్టుకుని నిలబడ్డారు, విప్పాం. కాలేజీ గేటు ముందు అడ్డు లారీలతో ఈడ్చి పారేశారట. మా కెప్టెన్ కనిపించలేదు. వాళ్ళ నాన్న దలా రేవులో పడవ కట్టేసి ఎవరడిగినా వాళ్ళవైపు చూడకుండా తాడు సర్దుకునేవాడు. సైన్యానికి దొరక్కుండా థాయిలాండ్ సరిహద్దు అడవుల్లోకి వెళ్ళిన పిల్లల్లో తనూ ఉందని ఆ తాడు సర్దడంలోనే మాకు అర్థమైంది.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం సయామ తాకేటాకి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడ బర్మా మాట మామ్మకి సగమే తెలుసు. అయినా పీట వేసి, టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"డిపార్ట్‌మెంట్ టీంతో మ్యాచ్ పెట్టమని పైనుంచి ఆర్డరొచ్చింది" అంది సయామ. "ఊళ్ళో అంతా మామూలుగా ఉందని చూపించాలట. టీవీ వాళ్ళొస్తారు. కాలేజీ టీం రావాలట."

"కాలేజీయే లేదు కదా సయామా!" అన్నాను. "మూసేసింది వాళ్ళే కదా!"

"ఆ మాట నేనూ అన్నాను. టీంని మాత్రం తెరవమన్నారు."

నాన్న లోపలి నుంచి వచ్చాడు. "ఒద్దు టీచరమ్మగారూ. మాది ఆ కార్డు. దీనికి ఏటయినా అయితే మాకు దిక్కెవులు?"

సయామ టీ గ్లాసు కింద పెట్టింది. "నేను మిమ్మల్ని ఒప్పించడానికి రాలేదు. అడగమన్నారు, అడిగాను. రాదంటే రాదని చెప్తాను. అంతే."

"సెప్తే మిమ్మల్ని ఏటి సేస్తారు?" అని మామ్మ తెలుగులోనే అడిగింది. నేను తిప్పి చెప్పాను.

సయామ విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

ఆవిడ వెళ్ళాక ఇంట్లో పెద్ద రభస. నాన్న వద్దన్నాడు. అమ్మ ఏడ్చింది. మామ్మ ఇద్దరినీ కసిరింది. "ఆయమ్మ ఇంత దూరం నడిసొచ్చినాది. ఆయమ్మ ఉద్దోగం తీసేస్తే మనకి ముద్ద దిగుద్దా?" నేను వెళ్తానన్నాను. సయామ కోసమేనని అందరికీ చెప్పాను. అది నిజమే. కానీ వెళ్ళింది దానికోసమే కాదు. నెలల తరబడి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న నా చేతులు బంతి కోసం కొట్టుకుంటున్నాయి. ఎవరి మెప్పు కోసమో పెట్టిన మ్యాచ్ అని తెలిసి కూడా కొట్టుకుంటున్నాయి. దానికి నా మీద నాకే చిరాకు.

మ్యాచ్ డిపార్ట్‌మెంట్ హాల్లో. కర్ఫ్యూ గనక పగలే పెట్టారు. ఆఫీసుల వాళ్ళని వరసల్లో కూర్చోబెట్టి చప్పట్లు ఎప్పుడు కొట్టాలో చెప్పారు. మేం నలుగురమే వచ్చాం. కొందరి ఇళ్ళవాళ్ళు పంపలేదు. కొందరు ఇళ్ళల్లో లేరు. రెండు పెన్నుల పెద్దమనిషి చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"నలుగురితో మొదలెట్టండి, ఏమవుతుంది?"

"ఐదుగురు లేనిదే మొదలవదు. రూలు" అంది సయామ.

"ఇప్పుడు రూలేమిటి సయామా!"

"ఇప్పుడే కదా మీరు అందరికీ రూలు రూలు అంటున్నారు."

ఆయన బయటికి పరిగెత్తి, ఆఫీసు నుంచి ఒక అమ్మాయిని పట్టుకొచ్చాడు. కళ్ళజోడు, చేతులకు కార్బన్ మసి. ఆ డిపార్ట్‌మెంట్‌లో నిజంగా టైపు కొట్టే ఒకే ఒక టైపిస్టు ఆ అమ్మాయేనట. మా కెప్టెన్ జెర్సీ ఇచ్చి వేసుకోమన్నాడు. అది చూడగానే నేను వంగి, కట్టిన బూటు తాడే మళ్ళీ కట్టుకున్నాను. ఆ అమ్మాయి నా చెవిలో చెప్పింది, "అక్కా, దయచేసి నాకు బంతి ఇవ్వకండి."

అవతల కూడా నిండుగా లేరు. ఊరేగింపుల్లో నడిచినవాళ్ళని ఉద్యోగాల్లోంచి తీసేశారు. కానీ ఆ సెంటర్ ఉంది. జంప్ బాల్‌కి ఎదురెదురుగా నిలబడ్డప్పుడు పెదాలు కదపకుండా అంది.

"నన్ను తీసేశారు. ఈ ఒక్క రోజుకి పిలిపించారు. పొడుగువాళ్ళు దొరకలేదట."

నా తెలుగు పేరుతో పిలిచింది. ఈసారీ తప్పే పలికింది.

"మెల్లగా ఆడమన్నారు మమ్మల్ని" అన్నాను.

"మమ్మల్నీ అన్నారు" అంది. బంతి లేచింది. మరుక్షణం ఆవిడ మోచెయ్యి నా డొక్కలో దిగింది. ఎన్ని నెలల తర్వాతో! నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆడాం. ఎవరి మాటా వినకుండా ఆడాం. గుండ్రటి బంతి, చెక్క నేల, తిన్నగా ఉన్న హూపులు. నేను పాస్ కోసం చెయ్యెత్తిన ప్రతిసారీ కెప్టెన్ ఉన్నచోటికి చూసేదాన్ని. అక్కడ టైపిస్టు అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి ఉండేది. ఒకసారి ఇద్దరు నన్ను చుట్టుముడితే గత్యంతరం లేక బంతి ఆ అమ్మాయికే విసిరాను. ఆ అమ్మాయి దాన్ని నేలకు కొట్టకుండా, బిడ్డలా గుండెకు హత్తుకుని నాలుగడుగులు పరిగెత్తింది. విజిల్ పడింది. నాకు సారీ చెప్పింది, రిఫరీకి చెప్పింది, అవతలి టీంకి కూడా చెప్పింది. చప్పట్లు కొట్టమని చెప్పకపోయినా జనం అప్పుడు కొట్టారు.

చివరికి ఒక పాయింటు మాదే ఎక్కువ. క్షణాలు మిగిలాయి. బంతి ఆ సెంటర్ చేతిలో ఉంది. ఆవిడ హూపు కింద తిరిగి లేచింది. నేనూ లేచాను. నా అరచెయ్యి బంతికి తగిలింది. అవతలి గోడ దాకా పోయింది బంతి. చివరి విజిల్ పడింది.

నిజం చెప్పాలంటే కాసేపు మాకు ఏం చెయ్యాలో తెలియలేదు. చివరి విజిల్ తర్వాత ఏం చేస్తారో ఆ ఏడాది మాకు అలవాటు కాలేదు. సయామ గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి.

ఆ తర్వాత యూనిఫాం వేసుకున్న ఒక పెద్దాయన వచ్చి కప్పు ఇచ్చాడు. ఆ కప్పు మీద డిపార్ట్‌మెంట్ పేరు ముందే చెక్కించి ఉంది. దాన్ని వాళ్ళకే ఇచ్చాడు. మాకు తలా ఒక సబ్బు. టీవీలో మా ఆట రాలేదు. ఆయన నడుచుకుంటూ రావడం, కప్పు ఇవ్వడం, జనం చప్పట్లు, ఇవే వచ్చాయి.

రెండో రోజు పొద్దున పక్కింటాయన సర్కారు పేపరు పట్టుకొచ్చాడు. చివరి పేజీలో నాలుగు వాక్యాలు. విద్యార్థినులకీ ఉద్యోగినులకీ మధ్య జరిగిన మ్యాచ్ సోదర భావంతో సమానంగా, డ్రాగా ముగిసిందట.

నేను ఆ పేపరు పట్టుకుని, మామ్మ అరుస్తున్నా వినకుండా, బస్సెక్కి సయామ ఇంటికి వెళ్ళాను. ఆవిడ అప్పటికే చదివింది. అంత కోపంలో ఆవిణ్ణి నేను ముందెప్పుడూ చూడలేదు. కాల్పులప్పుడు ఏడవలేదు, కాలేజీ మూసినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు కళ్ళనిండా నీళ్ళు.

"బాస్కెట్‌బాల్‌లో డ్రా ఉండదు" అంది. "సమానంగా ఉంటే మళ్ళీ ఆడతారు. తేలేదాకా ఆడతారు. అబద్ధం రాయాలనుకుంటే, మీరు ఓడారని రాయొచ్చు కదా. అది ఆటలో ఉంది. ఈ డ్రా ఎక్కడి నుంచి తెచ్చారు?"

పేపరు ఆఫీసుకి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. గుమ్మం దగ్గరి ఉద్యోగి విని, విని, చాలా మర్యాదగా అన్నాడు. "సయామా, ఈ రోజుల్లో ఎవరూ గెలవకపోవడమే మంచిది."

బయటికొచ్చాక సయామ రోడ్డు మీదే పేపరు నాలుగు మడతలు పెట్టింది. దాని మీద కూర్చుని బస్సు కోసం ఎదురుచూసింది. బస్సు రాలేదు. నడిచాం.

కాలేజీలు ఆ తర్వాత ఏళ్ళ తరబడి తెరవలేదు. తెరిచేసరికి నా వయసుకి టీంలో చోటు లేదు. కెమిస్ట్రీ డిగ్రీ మాత్రం పట్టుదలగా పూర్తి చేసి, తాకేటాలోనే పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతికాను. సయామని మింగళాడోన్ వైపు ఒక చిన్న బడికి మార్చారు. అక్కడ హూపు లేదని తెలిసి, వెళ్ళిన వారంలోనే వేపచెట్టుకి బకెట్టు రింగు కట్టించిందని విన్నాను. కెప్టెన్ అడవిలో మలేరియాతో చాలాకాలం పడి ఉండి, బతికి, వేరే దేశం చేరింది. ఎన్నో ఏళ్ళకి ఫోన్ చేసి మొదట అడిగిన మాట, "నా జెర్సీ ఎవరికిచ్చారు?"

ఆ సెంటర్‌కి ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు మార్కెట్లో ఎండుచేపల కొట్టు నడుపుతోంది. ఇద్దరికీ మోకాళ్ళు పోయాయి. శనివారాలు వెళ్తే నాకొక స్టూలు వేస్తుంది. టీ తాగుతాం. కొట్టుకి వచ్చినవాళ్ళకి నన్ను చూపించి, ఈవిడ నా చివరి షాట్‌ని ఫౌల్ చేసి ఆపిందని చెబుతుంది.

"బంతికే తగిలింది" అంటాను.

"నా చేతికి తగిలింది. ఇక్కడ. ఇదిగో, ఇక్కడ."

ముంజేయి చాపి చూపిస్తుంది. అక్కడ ఏమీ ఉండదు. చేపల వాసన, ఉప్పు. నేను కాదంటాను, ఆవిడ అవునంటుంది. కొనడానికి వచ్చినవాళ్ళు చేపలు చేత్తో పట్టుకుని, మా గొడవ ఎప్పుడు తెములుతుందా అని విసుగ్గా నిలబడి ఉంటారు.